ఎమ్డెన్ నౌక యుద్ధ అవశేషాలు

ఎమ్డెన్ నౌక యుద్ధ అవశేషాలు అనగా మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సామ్రాజ్య నౌకాదళానికి చెందిన ఎమ్డెన్ అనే తేలికపాటి క్రూయిజర్ నుండి, అది పేల్చిన ఫిరంగి గుండ్ల నుండి మిగిలిన వస్తువులు. ఈ నౌక 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు (ప్రస్తుత చెన్నై) నగరంపై గుండ్లు కురిపించినది. అప్పుడు దొరికిన గుండ్ల ముక్కలు కొన్ని చెన్నైలో ఉన్నాయి. నౌక నుండి సేకరించిన ఫిరంగులు, గంట, వెండి నాణేలు ఎక్కువగా ఆస్ట్రేలియాలో ఉన్నాయి. తెలుగులో ఈ నౌక పేరును ఎండెన్, ఎమ్డన్ అని కూడా వ్రాస్తారు.

యుద్ధకాలపు జర్మన్ వస్తువుల సేకరణ అనగానే సాధారణంగా రెండవ ప్రపంచ యుద్ధపు శిరస్త్రాణాలు, బ్యాడ్జీలు, కత్తులు గుర్తుకు వస్తాయి. ఆంధ్ర తీరానికి అతి దగ్గరలో, తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించిన నగరంలో, జర్మన్ యుద్ధ సామగ్రి స్వయంగా వచ్చి పడిన సందర్భం మాత్రం ఇదే.

నౌక

ఎమ్డెన్ 1908 మే 26న డాన్‌జిగ్ (ప్రస్తుత పోలండ్‌లోని గ్దాన్స్క్) నౌకా నిర్మాణశాలలో జలప్రవేశం చేసినది. 1909లో నౌకాదళంలో చేరినది. పొడవు సుమారు 118 మీటర్లు. దీనిపై 10.5 సెం.మీ. ఫిరంగులు 10 ఉండేవి. ఈ కొలత ముఖ్యమైనది. మద్రాసులో దొరికిన గుండు ముక్క ఎమ్డెన్‌దేనా కాదా అని తేల్చటానికి నేటికీ ఇదే మొదటి ఆధారం.

యుద్ధం మొదలైనపుడు ఈ నౌక చైనా తీరంలోని జర్మన్ స్థావరమైన సింగ్‌టావులో భాగంగా ఉండేది. 1914 ఆగస్టులో అడ్మిరల్ ఫాన్ ష్పే నడుపుతున్న నౌకాదళం నుండి విడివడి ఒంటరిగా హిందూ మహాసముద్రానికి బయలుదేరినది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. బ్రిటిషు నౌకలా కనిపించేందుకు మూడు పొగగొట్టాలకు తోడుగా గుడ్డతో చేసిన నాలుగవ పొగగొట్టాన్ని నిలబెట్టేవారు. సెప్టెంబరు రెండవ వారంలో బంగాళాఖాతంలో ప్రవేశించి కొద్ది రోజులలోనే ఇండస్, లోవాట్, కిలిన్, డిప్లొమాట్, ట్రాబోక్ మొదలైన వర్తక నౌకలను ముంచివేసినది. పట్టుబడిన నౌకలలోని సిబ్బందిని ముందుగా దింపి, ఆ తరువాతే నౌకను ముంచటం ముల్లర్ పద్ధతి. శత్రుపక్షపు పత్రికలు కూడా ఆయనను మర్యాదస్తుడని మెచ్చుకొనుటకు ఇదే కారణము.

మద్రాసుపై దాడి

1914 సెప్టెంబరు 22 రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు ఎమ్డెన్ మద్రాసు రేవుకు మూడు కిలోమీటర్ల లోపు దూరానికి వచ్చి, సెర్చిలైట్లు వేసి కాల్పులు ప్రారంభించినది. నగరంలో దీపాలు ఆర్పలేదు. అప్పట్లో హైకోర్టు గోపురంపైనే ఉన్న దీపస్తంభం కూడా వెలుగుతూనే ఉన్నది. లక్ష్యం రేవు ప్రక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ కిరోసిన్ ట్యాంకులు. మొదటి గుండ్లు గురి తప్పినా తరువాతివి తగిలి రెండు ట్యాంకులు అంటుకున్నాయి. మొత్తం పేల్చిన గుండ్లు సుమారు 125 నుండి 130 వరకు. తీరంలోని బ్రిటిషు ఫిరంగులు ఆలస్యంగా బదులు పేల్చాయి కానీ ఒక్కటి కూడా నౌకకు తగలలేదు.

కాల్పులు కొద్ది నిముషాలలోనే ముగిశాయి. ఎమ్డెన్ వెళ్ళిపోతూ ఒక ప్రక్క దీపాలను కావాలనే వెలిగించి, ఉత్తరదిశగా, అనగా పులికాట్, నెల్లూరు తీరం వైపుగా పోతున్నట్లు చూపించినది. తరువాత దీపాలార్పి దక్షిణానికి మళ్ళినది. మరునాటి పగలు కూడా మద్రాసు పొగ సముద్రంపై ఎంతో దూరం వరకు కనిపించినదని నౌక సిబ్బంది తరువాత వ్రాసుకున్నారు.

రేవులోని కొన్ని భవనాలు, హైకోర్టు ప్రహరీ, చుప్రా అనే వర్తక నౌక దెబ్బతిన్నాయి. ప్రాణనష్టం తక్కువే అయినా కొందరు మరణించారు. భయం మాత్రం నష్టానికి ఎన్నో రెట్లు ఎక్కువ. తరువాతి రోజులలో వేలమంది జనం రైళ్ళలో, బండ్లలో నగరం విడిచిపోయారు. బంగాళాఖాతంలో నౌకల రాకపోకలు స్తంభించాయి, సరుకుల బీమా రేట్లు పెరిగాయి. ఈ దాడి ఉద్దేశ్యం ఇంగ్లీషువారి వర్తకాన్ని కలవరపెట్టటం, భారతీయుల దృష్టిలో వారి ప్రతిష్ఠను తగ్గించటం అని ముల్లర్ స్వయంగా పేర్కొన్నాడు.

నెల్లూరు తీరంతో సంబంధం

ఆ రోజులలో సూళ్లూరుపేట మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాకు చెందిన ఊరు (2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది). చెన్నైకి ఉత్తరంగా సుమారు 80 కి.మీ. దూరంలో, కలకత్తా రైలు మార్గంపై ఉన్నది. తూర్పున పులికాట్ సరస్సు, దానికి అవతల శ్రీహరికోట దీవి. బకింగ్‌హామ్ కాలువ ఈ సరస్సు మీదుగానే మద్రాసు చేరుతుంది. శ్రీహరికోట అడవి నుండి వంటచెరకు ఆ కాలువలో పడవలపై మద్రాసుకు వెళ్ళేది. ఈ విధంగా దక్షిణ నెల్లూరు ప్రాంతానికి మద్రాసు దూరపు రాజధాని కాదు, రోజూ పనులుండే పట్టణం.

మద్రాసులో కూడా రేవుకు ఎదురుగా ఉన్న జార్జిటౌనులోను, దాని చుట్టుప్రక్కల పేటలలోను తెలుగువారు అధికంగా ఉండేవారు. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను దినపత్రికగా మద్రాసు నుండి ప్రారంభించినది కూడా ఇదే 1914లో, దాడికి కొద్ది నెలల ముందే. తెలుగు పాఠకులకు రోజూ ఇంటికి వచ్చే యుద్ధవార్త అనేది అప్పుడప్పుడే అలవాటవుతున్నది. అటువంటి సమయంలో ఆ యుద్ధం వారి నగరానికే వచ్చినది.

ఎమ్డెన్ అంతం

మద్రాసు తరువాత ఈ నౌక సింహళ తీరం, డీగో గార్షియా మీదుగా తిరిగి, అక్టోబరు 28న పినాంగ్ రేవులో రష్యా క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను, బయట ఫ్రెంచి నౌక మూస్కేను ముంచినది. నవంబరు 9న కోకోస్ దీవులలోని తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయటానికి కొంతమందిని దింపియుండగా ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ వచ్చిపడినది. సిడ్నీ ఫిరంగులు పెద్దవి (6 అంగుళాలు). ఎమ్డెన్‌పై 130 మందికి పైగా చనిపోయారు, సిడ్నీపై నలుగురు. మునిగిపోకుండా ముల్లర్ తన నౌకను నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బపైకి ఎక్కించాడు. ఆ విధంగా నౌక సముద్రగర్భంలోకి పోకుండా మిగలటం వల్లనే దాని వస్తువులు ఇన్ని దొరికాయి.

ఒడ్డున దిగిన సుమారు 50 మంది లెఫ్టినెంట్ హెల్మూట్ ఫాన్ మ్యూకె నాయకత్వంలో అయేషా అనే పాత తెరచాప పడవలో తప్పించుకొని, అరేబియా మీదుగా 1915లో కాన్‌స్టాంటినోపుల్ చేరారు. ఇది వేరుగా చెప్పవలసిన పెద్ద కథ.

మద్రాసులోని అవశేషాలు

దాడి మరునాటి నుండే గుండ్ల ముక్కలు ఏరుకోవటం మొదలైనది. పేలిన గుండ్ల ఉక్కు ముక్కలు జ్ఞాపికలుగా ఇళ్ళకు చేరాయి. కాలుతున్న ట్యాంకుల ఛాయాచిత్రాలు పోస్టుకార్డులుగా వెలువడ్డాయి. ఈ పోస్టుకార్డులు కూడా నేడు సేకర్తలు వెదికే వస్తువులే.

నేడు ప్రజలు చూడగలిగినవి చాలా తక్కువ. మొదటిది సెయింట్ జార్జి కోట మ్యూజియంలోని గుండు ముక్క. భారత పురావస్తు శాఖ నిర్వహణలోని ఈ మ్యూజియం 1948లో ప్రారంభమైనది. ఇది ఉన్న భవనం 18వ శతాబ్దం చివర వర్తకుల ఎక్స్ఛేంజిగా కట్టినది. మద్రాసు మొదటి దీపస్తంభం ఈ భవనం మేడపైనే ఉండేది. ఎమ్డెన్ వచ్చిన రాత్రి వెలుగుతున్నది దాని వారసుడైన హైకోర్టు దీపం. రెండవది హైకోర్టు ఆవరణ తూర్పు ప్రహరీ వద్ద, గుండు పడిన చోటును తెలుపుతూ ఉంచిన ఫలకం. ఈ ఫలకం వస్తువు కాదు, గుర్తు మాత్రమే. కానీ సేకర్తకు వస్తువుకన్నా ఎక్కువ ఉపయోగపడేది ఇటువంటిదే. ఎందుకంటే ఏ గుండు ఎక్కడ పడినదో నమోదు చేసిన చోట్లు ఎంతో తక్కువ. ఆ రాత్రి పడిన నూరుకు పైగా గుండ్లలో చాలావాటికి చిరునామా లేదు.

సూళ్లూరుపేట నుండి చెన్నైకి నడిచే లోకల్ రైళ్ళలో వెళ్ళి ఈ రెండింటినీ ఒకే రోజున చూడవచ్చును. కోటకు, హైకోర్టుకు మధ్య నడక దూరమే.

ఆస్ట్రేలియాలోని అవశేషాలు

మద్రాసులో సేకరణ ఎవరికి దొరికినది వారు పట్టుకుపోవటంగా సాగినది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే పూనుకున్నది. ఆ దేశపు నౌకాదళానికి ఇది మొదటి నౌకాయుద్ధ విజయం కావటమే కారణం. నౌక నుండి తెచ్చిన 10.5 సెం.మీ. ఫిరంగి ఒకటి 1917 డిసెంబరులో సిడ్నీ నగరంలోని హైడ్ పార్కు మూలలో ప్రతిష్ఠించబడినది. అది నేటికీ అక్కడే ఉన్నది. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ సేకరణలో మరొక ఫిరంగి, నౌక గంట మొదలైనవి ఉన్నాయి. ఈ గంటకు విచిత్రమైన చరిత్ర ఉన్నది. 1930 దశకం ఆరంభంలో సిడ్నీ నౌకాస్థావరం నుండి దొంగిలించబడి, తరువాత ఆ నగరపు ఉద్యానవనంలో పూడ్చిపెట్టి ఉండగా బయటపడినది. నౌక పేరు గల ఫలకాన్ని 1933లో ఆస్ట్రేలియా ప్రభుత్వం జర్మనీకి తిరిగి ఇచ్చినది.

సేకర్తలకు బాగా తెలిసిన వస్తువు ఎమ్డెన్ పతకం. చైనా తీరపు వర్తకంలో మెక్సికో వెండి డాలర్లు చెల్లుబాటు అయ్యేవి కనుక ఎమ్డెన్ ఖజానాలో అవి ఎక్కువగా ఉండేవి. శిథిల నౌక నుండి వేలకొలది నాణేలు వెలికితీశారు. వానిలో సుమారు వెయ్యింటికి పైన కిరీటమూ, రెండు నౌకల పేర్లూ, యుద్ధం జరిగిన తేదీ గల పట్టీ అమర్చి సిడ్నీలోని డబ్ల్యు. కెర్ అనే నగల వర్తకుని చేత పతకాలు చేయించారు. సిడ్నీ నౌక సిబ్బందికి ఇవ్వగా మిగిలినవి కొన్ని ప్రజలకు అమ్మారు.

శిథిల నౌకను 1950 దశకంలో ఒక జపాను సంస్థ పాత ఇనుము కోసం ముక్కలు చేసినది. అయినా కొన్ని భాగాలు నార్త్ కీలింగ్ చుట్టూ నీటిలో మిగిలి ఉన్నాయి. ఆ దీవి 1995 నుండి పులు కీలింగ్ జాతీయ ఉద్యానవనం. మునిగిన నౌకల పరిరక్షణ చట్టం కూడా అక్కడ వర్తిస్తుంది కనుక అనుమతి లేకుండా వస్తువులు తీయటం నేరం.

అసలు, నకిలీ

గుండు ముక్క చేతికి వచ్చినపుడు మొదట చూడవలసినది దాని వంపు. 10.5 సెం.మీ. వ్యాసం గల గుండు నుండి విడిన ముక్క వెలుపలి వంపు ఆ వ్యాసానికే సరిపోవాలి. కాగితంపై ఆ వ్యాసంతో వృత్తం గీచి ముక్కను ఆనించి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. రెండవది గుండు అడుగుభాగాన చుట్టియుండే రాగి పట్టీ. ఫిరంగి గొట్టంలో మెలికగా చెక్కిన గాడులలో ఈ పట్టీ ఒరుసుకొని గుండు గిరగిర తిరుగుతూ పోతుంది. కనుక పేల్చిన గుండు పట్టీపై ఏటవాలు గీతలు తప్పక ఉంటాయి. గీతలు లేని పట్టీ ఎన్నడూ పేల్చని గుండుది. అది మద్రాసులో పడినదై ఉండే అవకాశం లేదు. ఆ రాత్రి తీరం నుండి బ్రిటిషువారు పేల్చిన గుండ్లు సముద్రంలోకి పోయాయి కనుక నగరంలో దొరికిన ముక్కలతో వానిని పొరబడే ప్రమాదం తక్కువ.

అయితే వంపు, గీతలు సరిపోయినంత మాత్రాన పని ముగియదు. 10.5 సెం.మీ. జర్మన్ గుండ్లు ప్రపంచంలో ఎన్నో చోట్ల పేలాయి. ఈ ముక్క ఫలానా వీధిలో, ఫలానా ఇంటి పెరటిలో దొరికినది అనే వ్రాతపూర్వక ఆధారం, పాత ఛాయాచిత్రం, ఉత్తరం, కనీసం చుట్టిన కాగితంపై తాతగారి చేవ్రాలు ఉంటేనే అది మద్రాసు ముక్క అవుతుంది. ఇళ్ళలో కాగితాల బరువుగా మిగిలిన ముక్కలకు ఈ ఆధారం ఎక్కువగా నోటిమాటే. చెప్పే పెద్దలు పోయిన తరువాత అది ఉత్త ఇనుము. మెక్సికో డాలర్ల విషయం కూడా ఇటువంటిదే. పతకంగా అమర్చినది గుర్తించవచ్చును గానీ, విడి నాణెం ఎమ్డెన్‌దని నిరూపించటం సాధ్యం కాదు. అవే నాణేలు ఆసియా అంతటా చెలామణిలో ఉండేవి.

యుద్ధకాలపు జర్మన్ వస్తువులలో నకిలీల బెడద ఎంతటిదో తెలియటానికి రెండవ ప్రపంచ యుద్ధపు పారాచ్యూట్ సైనికుల సామగ్రిని చూడవచ్చును. జర్మన్ వైమానిక దళంలో భాగమైన ఈ సైనికులు 1941 మేలో క్రీట్ దీవిపై దిగి దానిని పట్టుకున్నారు. అంచు బాగా కుదించిన వారి శిరస్త్రాణం, ఒక చేత్తోనే తెరవగలిగేలా బరువుతో జారివచ్చే కత్తి, గద్ద బొమ్మ గల బ్యాడ్జీ సేకర్తలలో అత్యధిక ధర పలికే వస్తువులు. సంఖ్య తక్కువ, గిరాకీ ఎక్కువ. అందువల్ల మామూలు జర్మన్ శిరస్త్రాణాల అంచు కోసి పారాచ్యూట్ సైనికులవిగా అమ్మటం సంతలలో పాతకాలపు మోసం. అసలైన వానిలో లోపలి తోలు, దానిని పట్టియుంచే ప్రత్యేకమైన మరలు, ఇనుములో ముద్రించిన తయారీదారు గుర్తు కలిసి సరిపోవాలి. నాజీ గుర్తులు గల వస్తువుల ప్రదర్శనపై జర్మనీలో కఠినమైన చట్టాలు ఉన్నాయి. ఎమ్డెన్ వస్తువులు అంతకు ముందరి సామ్రాజ్య కాలానివి కనుక ఈ చిక్కు వీటికి లేదు.

చట్టం

భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరు సంవత్సరాలకు తక్కువ కాని వయస్సు గల చారిత్రక ప్రాముఖ్యమున్న వస్తువు పురావస్తువు కావచ్చును. ఈ లెక్కన మద్రాసులో పడిన గుండ్ల ముక్కలకు 2014 సెప్టెంబరుతో నూరేళ్ళు నిండాయి. పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయటం నిషేధం. విదేశీ సేకర్తలకు అమ్మదలచినవారు ఇది తెలుసుకొనుట అవసరం.

ఇంతకంటె తక్షణమైనది భద్రత. ఆ రాత్రి పడినవాటిలో పేలని గుండ్లు కూడా ఉన్నాయి. నూరేళ్ళు గడిచినా పేలుడు పదార్థం నిర్వీర్యమైనదని అనుకోరాదు. తవ్వకాలలో నిండు గుండు కనిపిస్తే దానిని కదల్చక, శుభ్రం చేయక పోలీసులకు తెలుపవలెను.

విశాఖపట్నంతో పోలిక

ఆంధ్ర తీరంపై దాడి 1942లో జరిగినది. ఆ సంవత్సరం ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. విశాఖలో పేలకుండా పడిన బాంబు ఒకటి నగరపాలక సంస్థ నిర్వహణలోని విశాఖ మ్యూజియంలో ఉన్నది. పిల్లలు ఎక్కువగా చూసి గుర్తుంచుకునే వస్తువు అదే. అది ఎక్కడ పడినదో, ఎవరు వేశారో, ఏ రోజో నమోదై ఉన్నది. మద్రాసు ముక్కలలో చాలావాటికి లోపించినది సరిగ్గా ఇదే.

కథలు, అపోహలు

స్వాతంత్ర్య సమరయోధుడు చెంపకరామన్ పిళ్లై ఎమ్డెన్‌లో ఉండి మద్రాసుపై దాడికి దారి చూపాడని విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. కొన్ని పుస్తకాలలో కూడా కనిపిస్తుంది. అయితే ఆయన ఆ సమయంలో ఐరోపాలో ఉన్నాడు. నౌక ఆసియా తీరం నుండే బయలుదేరినది కనుక ఇది సాధ్యం కాదు. ఈ కథను ఆధారంగా చూపి వస్తువులు అమ్మజూపితే ఆ వస్తువును అనుమానించవలెను.

భాషలో మిగిలినది మరొక విధమైన అవశేషం. తమిళంలో గడుసువాడిని, అందరినీ హడలెత్తించే వానిని ఎమ్డన్ అనటం వాడుక. 2006లో వచ్చిన ఒక తమిళ చిత్రానికి మొదట 'ఎమ్డన్ మగన్' అని పేరుపెట్టి తరువాత 'ఎమ్ మగన్'గా మార్చారు. మలయాళంలో భారీ అనే అర్థంలో వాడే 'యమండన్' అనే మాట కూడా ఈ నౌక పేరు నుండే వచ్చినదని చెప్పుకుంటారు. జర్మనీలో ఈ నౌక సిబ్బందికి తమ ఇంటిపేరు చివర ఎమ్డెన్ అని చేర్చుకొనే హక్కు ఇచ్చారు. ముల్లర్ 1923లో మరణించాడు. తరువాత కూడా జర్మన్ నౌకాదళం వరుసగా పలు నౌకలకు ఇదే పేరు పెట్టినది.